మూడు భాషల గదిలో చెక్కముక్కలు

పర్లాకిమిడి నుంచి పాతపట్నం పోయే దారిలో ఒడిశా ఎక్కడ ఆగి ఆంధ్ర ఎక్కడ మొదలైందో బోర్డు చూస్తే తప్ప తెలియదు. బజారులో బేరాలు తెలుగులో సాగుతాయి. ఆఫీసు కాగితాలు ఒడియాలో ఉంటాయి. కొండ దిగి సంతకు వచ్చినవాళ్ళు తమలో తాము సవరలో మాట్లాడుకుంటారు. పెద్దవాళ్ళు ఈ మూడింటి మధ్య అలవాటుగా తిరిగేస్తారు. మూడేళ్ళ పిల్లకు అది అంత తేలిక కాదు. ఇంట్లో "రా, బువ్వ తిను" అని విన్న పిల్ల అంగన్‌వాడీలో అడుగుపెట్టేసరికి పాట ఒడియా, ప్రశ్న ఒడియా, అంకెలు ఎక, దుఇ, తిని. కొన్ని వారాల పాటు ఆ పిల్ల నోరు తెరవకపోవచ్చు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు చాలా తొందరగా ఒక మాట అనేస్తారు: "మందకొడి పిల్ల."

ఆ మాట అనే ముందు ఆ పిల్ల ముందు ఓ పది చెక్కముక్కలు పెట్టి చూడాలి. కాసేపటికి రెండింటిని నిలబెడుతుంది. పైన ఒకటి అడ్డంగా పెట్టబోతుంది. అందదు. రెండింటిలో ఒకదాన్ని కాస్త దగ్గరకు జరుపుతుంది, మళ్ళీ పెడుతుంది. ఈసారి నిలుస్తుంది. ఈ నాలుగు కదలికల్లో దూరాన్ని కంటితో కొలవడం ఉంది, పొరపాటు ఎక్కడుందో పట్టుకోవడం ఉంది, దాన్ని సరిదిద్దుకోవడం ఉంది. ఏ భాషలోనూ ఒక్క మాట అనకుండానే తనకు ఏం తెలుసో ఆ పిల్ల చూపించింది.

గజపతి, రాయగడ, గంజాం లాంటి ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఈ చెక్కముక్కల ఆటకు, అంటే బ్లాకుల ఆటకు, ప్రత్యేకమైన విలువ ఉండేది ఇందుకే. ఆట మొదలుపెట్టడానికి భాష అక్కర్లేదు. అది చదువుగా ఎదగడానికి మాత్రం భాష కావాలి, అదీ పిల్లకు వచ్చిన భాషే కావాలి. మొదటి సంగతి చాలామంది ఒప్పుకుంటారు. రెండోదే ఎక్కువగా మరుగున పడుతుంది.

చెక్కముక్కలతో చదువు చెప్పాలన్న ఆలోచన పాతదే. జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో 1837లో ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ పసిపిల్లల కోసం మొదలుపెట్టిన ప్రయత్నమే తర్వాత కిండర్‌గార్టెన్‌ అయింది. ఆయన తయారుచేయించిన ఆటవస్తువుల్లో ఒకటి రెండంగుళాల చెక్క ఘనం. విడదీస్తే అది ఎనిమిది చిన్న ఘనాలవుతుంది, కలిపితే మళ్ళీ ఒకటవుతుంది. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరి రూపొందించిన గులాబీ గోపురం అనే ఆటవస్తువులో పది ఘనాలుంటాయి, ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి శిక్షణ ఇవ్వడంతో ఆ సామగ్రి మన దేశంలో కూడా బాగా వ్యాపించింది. అయితే ఫ్రోబెల్, మాంటిసోరి ఇద్దరి దగ్గరా వస్తువును వాడే పద్ధతి చాలావరకు ముందే నిర్ణయమై ఉంటుంది. ఈనాడు బడుల్లో బ్లాకుల మూల (గదిలో చెక్కముక్కల ఆటకు కేటాయించిన చోటు) అనేదానికి అసలు రూపం ఇచ్చింది న్యూయార్క్‌లో 1914లో ఒక బడి ప్రారంభించిన కారొలైన్ ప్రాట్. రంగు పూయని చెక్క, కచ్చితమైన కొలత, ఏం కట్టాలన్నది పూర్తిగా పిల్లల ఇష్టం. ఆమె పద్ధతిలో మూలమైన ముక్క పొడవు 5½ అంగుళాలు, వెడల్పు 2¾, మందం 1⅜. మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకు రెట్టింపు పొడవు. దాన్ని సగం చేస్తే ఒక ముక్క, రెట్టింపు చేస్తే 11 అంగుళాలది, ఇంకా రెట్టింపు చేస్తే 22 అంగుళాలది.

ఈ రెట్టింపు లెక్క తెలుగు ఇళ్ళకు కొత్తది కాదు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. పాత్రల పరిమాణం ఊరిని బట్టి కాస్త అటూఇటూ అయినా ఈ వరస మాత్రం చాలాచోట్ల ఇదే. ఉత్తరాంధ్రలో, దానికి ఆనుకుని ఉన్న ఒడిశా పల్లెల్లో పెద్దవాళ్ళ నోట కుంచం, అడ్డ అనే మాటలు ఇంకా వినిపిస్తాయి. ధాన్యం కొలిచేటప్పుడు పక్కన కూర్చున్న పిల్లకు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అనే పెరుగుదల కళ్ళ ముందే జరుగుతుంది. చెక్కముక్కల్లో అదే వరస చేతికి అందుతుంది. పొడవాటి ముక్క దొరకనప్పుడు రెండు పొట్టివి కలిపి ఆ చోటు నింపడం ప్రతి బ్లాకుల మూలలోనూ రోజూ జరిగేదే. భిన్నాలు అనే పాఠం పిల్లలకు నాలుగైదు తరగతుల్లో ఎదురై భయపెడుతుంది. ఆ పాఠానికి మూలం ఇక్కడే ఉంది. ముప్పావు అనే మాటనే తీసుకోండి, మూడు పావులు అని పేరులోనే చెబుతోంది. పావు, అర, ముప్పావు అని రోజూ వినే పిల్లకు, అవే మాటలు చెక్కముక్కల పక్కన కూడా వినిపిస్తే, లెక్క ఒక కొత్త దేశంలా అనిపించదు.

పిల్లలు బ్లాకులతో ఏం చేస్తారన్నది వయసుతో పాటు ఒక క్రమంలో మారుతుంది. అమెరికాలో హారియట్ జాన్సన్ చాలామంది పిల్లలను గమనించి ఆ క్రమాన్ని 1933లో వివరించారు. ఈ రోజుకీ ఉపాధ్యాయ శిక్షణలో అదే ఆధారం. రెండేళ్ళ లోపు పిల్లలు ముక్కలను మోస్తారు, చప్పుడు చేస్తారు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేస్తారు. ఆ తర్వాత వరసగా పేర్చడం, ఒకదాని మీద ఒకటి నిలపడం. మూడేళ్ళ ప్రాంతంలో వంతెన వస్తుంది. వంతెన అంటే రెండు గుంజలు, పైన ఒక దూలం. మొదట్లో చెప్పిన పిల్ల చేసింది అదే. పెద్దలకు చిన్న పనిగా కనిపిస్తుంది గానీ, ఖాళీ చోటు కూడా కట్టడంలో భాగమేనని పిల్ల బుర్రకు తట్టిన క్షణం అది. తర్వాత ఆవరణ వస్తుంది, నాలుగు వైపులా మూసి లోపల ఒక చోటు చేయడం. ఆఖరి మూల మూసుకోవాలంటే ముక్కను ఏ వైపు తిప్పాలో కొందరికి చాలా రోజుల దాకా అంతుపట్టదు. లోపల, బయట, అంచు, గడప అనే భావాలన్నీ ఇక్కడే కుదురుకుంటాయి. నాలుగేళ్ళకు ఎడమకు ఎలా ఉందో కుడికీ అలాగే ఉండాలన్న పట్టుదల, నమూనాలు. ఐదేళ్ళు వచ్చేసరికి కట్టినదానికి ముందే పేరు ఉంటుంది. ఇది ఇల్లు, ఇది బడి, ఇది రైలు టేసను.

బ్లాకులంటే పట్నం నుంచి దిగుమతి అయిన వస్తువని అనుకునేవాళ్ళు తడి ఇసుకలో కాలు పెట్టి పిచ్చుక గూళ్ళు కట్టిన రోజులను గుర్తుచేసుకోవాలి. కాలి మీద ఇసుక దట్టంగా అదిమి, నెమ్మదిగా కాలు లాగేస్తే గూడు నిలవాలి. ఎంత తడి ఉండాలి, ఎంత మందం ఉండాలి, ఎంత నెమ్మదిగా లాగాలి అన్నవి ఎవరూ చెప్పలేదు. కూలిన గూళ్ళే నేర్పాయి. ఏడు పెంకులాటలో పెద్ద పెంకు అడుగున, చిన్నది పైన పెట్టాలని ఏ బడిలోనూ రాయించలేదు. వంశధార, మహేంద్రతనయ ఒడ్డున పెరిగే పిల్లలకు ఆ ఇసుక ఇప్పటికీ దగ్గరే. చెక్కముక్కలు చేసేదల్లా ఆ నేర్పును గదిలోకి తీసుకురావడం, కొలతను కచ్చితం చేయడం, టీచరు కళ్ళకు కనిపించేలా ఉంచడం.

పరిశోధన ఏం చెబుతుందో కాస్త జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఈ విషయంలో ప్రచారం ఎక్కువ. అమెరికాలో కొద్దిమంది పిల్లలను ప్రీస్కూలు నుంచి హైస్కూలు దాకా అనుసరించి 2001లో ఒక అధ్యయనం వెలువరించారు. చిన్నప్పుడు బ్లాకులతో సంక్లిష్టంగా కట్టగలిగిన పిల్లలకు మూడు, ఐదు తరగతుల లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఏడో తరగతిలో, హైస్కూల్లో కనిపించింది. చిన్న సమూహం కాబట్టి దీన్ని పట్టుకుని బ్లాకులాడితే లెక్కల్లో ఫస్టు అని చెప్పేస్తే అది అతిశయోక్తి. అయినా దీంట్లో ఆలోచించాల్సింది ఒకటుంది. ఫలితం వెంటనే కనిపించలేదని ఆటను ఆపేసి ఉంటే ఆ తేడా ఎవరికీ తెలిసేదే కాదు. 2007లో వచ్చిన మరో అధ్యయనం ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ లోపు పిల్లలున్న కుటుంబాలకు బ్లాకులు ఇచ్చి చూసింది. తల్లిదండ్రులు చెప్పిన వివరాల ప్రకారం ఆ పిల్లల మాటలు మెరుగ్గా పెరిగాయి. దానికి డబ్బు ఇచ్చింది బ్లాకులు తయారుచేసే ఒక సంస్థ అన్నది కూడా గుర్తుంచుకోవాలి. అయితే మాటలు పెరగడానికి కారణం ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. బ్లాకులున్న చోట పెద్దవాళ్ళు నేల మీద కూర్చుంటారు, కూర్చుంటే మాట్లాడతారు.

2011 నాటి ఇంకో అధ్యయనం దీన్ని బలపరుస్తుంది. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఒక లక్ష్యంతో కడుతున్నప్పుడు పైన, కింద, మధ్య, పక్కన లాంటి మాటలు ఊరికే ఆడుకునేటప్పటి కంటే ఎక్కువగా దొర్లాయి. చోటును గురించిన ఈ మాటలు పిల్లలకు తర్వాత పటాలు చదవడంలో, జ్యామితిలో, ఆఖరికి పుస్తకంలో గీతల మధ్య రాయడంలో కూడా పనికొస్తాయి.

సరిహద్దు అంగన్‌వాడీకి అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. చోటును గురించి తెలుగుకు ఎంత సంపద ఉందో ఒక్కసారి చూడండి. అడ్డంగా, నిలువుగా, ఓరగా, ఏటవాలుగా, బోర్లా, వెల్లకిలా. ముక్కను గోడకు ఆనించడం వేరు, దాని మీద మోపడం వేరు, ఇరికించడం వేరు. ఒరిగింది వేరు, కూలింది వేరు. ఇంట్లో పిల్ల ఈ తేడాలన్నీ అప్పటికే వింటోంది. గదిలోకి వచ్చాక ఆమెకు దొరికేవి మాత్రం ఉపరె, తళె, భితరె అనే మూడు నాలుగు ఒడియా మాటలు, అవి కూడా పాటలో వచ్చినప్పుడే. ఒడియా మాటలు తక్కువైనవని కాదు, ఒడియా ఇంటి పిల్లకు ఆ భాషలోనూ అంతే సంపద ఉంటుంది. తెలుగు పిల్లకు మాత్రం తనకున్నది గుమ్మం బయటే వదిలేసి రావాల్సి వస్తోంది. సవర పిల్ల సంగతి ఇంకా కష్టం. ఆమెకు గదిలో ఒడియా కొత్త, పక్క పిల్ల మాట్లాడే తెలుగు కూడా సగం కొత్తే.

ఈ విషయం పర్లాకిమిడికి ఒకరు చెప్పి వందేళ్ళు దాటింది. గిడుగు రామమూర్తి అక్కడి రాజావారి బడిలో పంతులుగా పనిచేస్తూ సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడి నడిపారు. తెలుగులో వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఆ రెండు పనులూ ఒకే నమ్మకం నుంచి పుట్టాయి: పిల్లకు తెలిసిన మాటతోనే తెలియనిది చెప్పాలి. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు చేరినప్పుడు ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పేరు మీద ఆగస్టు 29న సభలు జరుగుతాయి. ఆయన పనిచేసిన ఊళ్ళో అంగన్‌వాడీ పిల్ల "పడిపోనాది" అంటే "పడిపోయింది అనాలి" అని సరిదిద్దకుండా, "ఎందుకు పడిపోనాది?" అని అడిగే టీచరు ఉంటే, ఆయన పని ఆ గదిలో కొనసాగుతున్నట్టే.

కాగితం మీద చూస్తే అడ్డేమీ లేదు. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా చేసి, ఆట ద్వారా, ఇంటి భాషలో నేర్పమంటోంది. 2022లో దానికి పాఠ్య ప్రణాళిక చట్రం వచ్చింది. 2023లో 13 భాషల్లో జాదూయీ పిటారా పేరుతో ఆటవస్తువులు, పజిళ్ళు, కథల పుస్తకాల పెట్టె వచ్చింది. ఒడిశా గిరిజన భాషల్లో చదువు చెప్పే కార్యక్రమాన్ని చాలా కాలంగా నడుపుతోంది, సవర అందులో ఉంది. తెలుగు పిల్లల పరిస్థితి వీటి మధ్య ఎటూ కాకుండా ఉంది. వాళ్ళు గిరిజన భాషల కార్యక్రమంలోకి రారు. తెలుగు బడులు ఒకప్పుడు ఉన్నంతగా ఇప్పుడు లేవు. పక్క రాష్ట్రంలో ఉన్న తెలుగు సామగ్రి సరిహద్దు దాటి రాదు.

అయినా బ్లాకుల మూల విషయంలో ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేదు. ఈ ఊళ్ళలో చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరుకో ఆయాకో తెలుగు వచ్చు. ఇంటి దగ్గర అదే మాట్లాడతారు. గదిలోకి రాగానే ఒడియానే మాట్లాడాలి, సూపర్‌వైజరు వస్తే ఏమంటారో అన్న టెన్షన్ వల్ల మానేస్తారు. పాట, అంకెలు, అక్షరాలు ఒడియాలో ఉండనివ్వండి, అవి పిల్లకు రేపు కావాలి. చెక్కముక్కల దగ్గర కూర్చున్న అరగంట మాత్రం పిల్ల ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలో జవాబు ఇవ్వొచ్చు. తెలుగులో అడ్డంగా, నిలువుగా అన్న తేడా గట్టిగా పట్టుకున్న పిల్లకు ఒడియాలో దానికో పేరు నేర్చుకోవడం పెద్ద పని కాదు. భావం ముందే ఉంది, పేరు ఇంకొకటి చేరుతుంది, అంతే. భావమే లేని చోట పేరు బట్టీ పడుతుంది.

ఏం మాట్లాడాలన్నది కూడా ముఖ్యమే. పెద్దల నోట మొదట వచ్చే ప్రశ్న "ఏటి కట్టినావు?" అని. ఊరికే పేరుస్తున్న మూడేళ్ళ పిల్ల దగ్గర దీనికి జవాబు ఉండదు, ఆమె ఇంకా ఏదీ కట్టడం లేదు, ముక్కల బరువు, నునుపు, నిలకడ తెలుసుకుంటోంది. అడిగారు కాబట్టి "ఇల్లు" అనేస్తుంది. అక్కడితో సంభాషణ ఆగిపోతుంది. దానికి బదులు కనిపిస్తున్నదే చెప్పాలి: "రెండు పొట్టివి కలిపి పొడుగుదానికి సమానం చేశావే." "ఈ పక్క ఎత్తుగా ఉంది, ఆ పక్క వాలింది." పిల్ల ఒకసారి తన పనిని చూసుకుంటుంది, ఆ మాటలు ఆమె చేసినదానికే అతుక్కుంటాయి. కూలినప్పుడు కూడా అయ్యో అని టీచరే ఎత్తి పెట్టేయకూడదు. అడుగున సన్నది పెట్టి పైన వెడల్పుది పెడితే ఏమవుతుందో ఆ కూలడమే చెబుతుంది. "ఈసారి అడుగున ఏది పెడదాం?" అంటే చాలు.

కూల్చడం కూడా ఆటే. తుపాను తెలిసిన తీరం ఇది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఈ జిల్లాలను కుదిపేశాయి. గజపతిలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఇంట్లో అలాంటి కథలు వినే పిల్లలు ఇల్లు కట్టి, "గాలొచ్చింది" అని ఊది, పడేసి, మళ్ళీ కట్టడం అల్లరి కాదు. భయపెట్టినదాన్ని చేతికి అందే సైజులోకి తెచ్చుకుంటున్నారు. ఒకరి మీద ఒకరు విసరనంత వరకు దాన్ని ఆపకూడదు.

ఆటలోకి ఊరు రావాలి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, తర్వాత గుణుపురం దాకా వెళ్ళింది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. పొడవాటి ముక్కలు వరసగా వేస్తే అవే పట్టాలు. ఒకే వరసలో గోడకు గోడ ఆనించి కట్టే సవర ఇళ్ళు, సముద్రం వైపు గుండ్రంగా కట్టే చుట్టిళ్ళు, పొలానికి నీరు వదిలే మదుము. చదరపు ముక్కలతో గుండ్రటి ఇల్లు కట్టాలంటే ఎలా అన్న ప్రశ్న ఐదేళ్ళ పిల్లలకు వారం రోజుల పని. ఇలాంటి చోట ఒక జాగ్రత్త అవసరం. చాలా గదుల్లో బ్లాకుల మూల నెమ్మదిగా మగపిల్లల సొంతమైపోతుంది, ఆడపిల్లలు లక్కపిడతల దగ్గర మిగులుతారు. రెండింటినీ పక్కపక్కన పెడితే ఇల్లు కట్టేవాళ్ళూ వంట చేసేవాళ్ళూ కలిసిపోతారు.

ఈ ఆటకు పెద్ద అడ్డంకి ఇంటి నుంచే రావచ్చు. "రోజంతా ఆడుకోవడమేనా, ఏమైనా రాయించారా?" అని తల్లిదండ్రులు అడిగే ప్రశ్న తప్పు కాదు, కూలి మానుకుని పిల్లను పంపేవాళ్ళకు ఆ హక్కు ఉంది. పక్కనే ప్రైవేటు నర్సరీలో మూడేళ్ళ పిల్లలు ఏబీసీడీలు రాస్తున్నారని చూసినప్పుడు ఆ బెంగ ఇంకా పెరుగుతుంది. నెలకో రోజు తల్లులను పిలిచి, పిల్లల పక్కన కూర్చోబెట్టి, వాళ్ళనే ముక్కలతో ఏదో ఒకటి కట్టమంటే ఏ ఉపన్యాసం కంటే బాగా పనిచేస్తుంది. మానిక, తవ్వ లెక్క ఆ రోజే చెప్పాలి.

ఇక ముక్కలు ఎక్కడి నుంచి వస్తాయి? ప్లాస్టిక్ బ్లాకులు ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి కాబట్టి పడవు, పడవు కాబట్టి నిలకడ గురించి తక్కువ నేర్పుతాయి. ఊరి వడ్రంగి దగ్గర మిగిలిన గట్టి కర్ర చాలు. అతనికి చెప్పాల్సింది ఒక్కటే, కొలత తప్పకూడదు. రెండు సగాలు కలిస్తే ఒక నిండు ముక్కతో సరిగ్గా సమానం కావాలి, కాస్త తేడా వచ్చినా లెక్క అబద్ధమైపోతుంది. అంచులు ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాలి. రంగు అక్కర్లేదు. చప్పుడు తగ్గడానికి కింద ఓ పాత బొంత పరిస్తే సరిపోతుంది. తలుపుకు దూరంగా, ఎవరూ తొక్కని మూల ఎంచుకోవాలి. ఆట మధ్యలో భోజనం వేళైతే కట్టినదాన్ని వెంటనే తీసేయమనకుండా మధ్యాహ్నం దాకా ఉండనివ్వాలి.

తీసి సర్దేటప్పుడు అరలో ఒక్కో ముక్క ఆకారం సుద్దతో గీసి ఉంచితే, పిల్లలు ఏది ఎక్కడికి పోవాలో తామే పట్టుకుంటారు. త్రికోణం గీసిన చోట త్రికోణం, పొడుగుది గీసిన చోట పొడుగుది. ఆ గీత కింద పేరు ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసి ఉంచొచ్చు. సవర పేరు ఏమంటారో ఆ పిల్లనే అడిగితే, ఇన్నాళ్ళూ నోరు విప్పని పిల్ల ఆ రోజు టీచరుకే ఒక మాట నేర్పుతుంది.